ఈ వైద్యంలో మనవాళ్ళ వాటా

(ఒడిశాలోని బరంపురంలో తెలుగు కుటుంబాల సమావేశంలో ఒక చెవి, ముక్కు, గొంతు వైద్యురాలు చేసిన ప్రసంగం. మాట్లాడింది మాట్లాడినట్టే రాసి, మళ్ళీ మళ్ళీ వచ్చిన మాటలు మాత్రం తీసేశాం.)

పెద్దలందరికీ నమస్కారం. ఇచ్ఛాపురం నుంచి, పర్లాకిమిడి నుంచి, గుణుపురం నుంచి కూడా వచ్చారని విన్నాను. చాలా సంతోషం. చెవుడు, గొంతు కాన్సర్, గుండె మార్పిడి, ఈ మూడింటి మీద జరిగిన పరిశోధనల గురించి చెప్పమన్నారు. నేను చెవి, ముక్కు, గొంతు డాక్టర్ని. గుండె నా శాఖ కాదు. కానీ గొంతులో మొదలై గుండెకి చేరే జబ్బు ఒకటుంది. దాని దారి పట్టుకుని గుండె దాకా వెళ్తాను.

పరిశోధన అనగానే మనకి గాజు సీసాలు, మైక్రోస్కోపు, అమెరికా గుర్తుకొస్తాయి. మన ఊరికీ దానికీ ఏమిటి సంబంధం అనుకుంటాం. సంబంధం ఉంది, చాలా దగ్గరి సంబంధం. నోటి కాన్సర్ గురించి ప్రపంచమంతా చదువుకునే ఒక ముఖ్యమైన పాఠం ఇక్కడికి కూతవేటు దూరంలో ఉన్న పల్లెల్లో తయారైంది. ఆ పాఠం రాసింది డాక్టర్లే, కానీ పాఠం ఇచ్చినవాళ్ళు మన అమ్మమ్మలు. అందుకే అక్కడి నుంచే మొదలుపెడతాను.

అడ్డపొగ సంగతి ఇక్కడ కూర్చున్న పెద్దవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. గోపాలపూర్ ఒడ్డున మన మత్స్యకారుల ఇళ్ళలో, అటు శ్రీకాకుళం, విశాఖ పల్లెల్లో, ఆడవాళ్ళు చుట్ట ముట్టించి, ఒకటి రెండు దమ్ములు లాగి, నిప్పు బాగా అంటుకున్నాక దాన్ని తిప్పి నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుంటారు. పెదాలు మూసేస్తారు. చుట్ట మొదలు మాత్రం బయటికి కనిపిస్తుంది. రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి కాబట్టి వల బాగుచేసుకుంటారు, చేపలు ఎండబెడతారు, బియ్యం ఏరుకుంటారు. ఎందుకలా అని అడిగితే సముద్రపు గాలికి నిప్పు ఆరిపోదని ఒకరంటారు. ఒళ్ళో పిల్ల మీద నుసి పడదని ఒకరంటారు. "మా యమ్మ అలాగే తాగింది, నానూ అలాగే తాగుతున్నాను, ఇందులో ఏటుందమ్మా" అని నన్నే ఎదురు అడిగినవాళ్ళూ ఉన్నారు.

అందులో ఏముందో నోట్లో లైటు వేస్తే కనిపిస్తుంది. అంగిలి, అంటే నోటి పైకప్పు, మామూలుగా గులాబీ రంగులో తడిగా ఉండాలి. అడ్డపొగ తాగేవాళ్ళలో అది ముందు తెల్లబారుతుంది. ఆ తెలుపులో ఎర్రటి చుక్కలు వస్తాయి. అవి లాలాజల గ్రంథుల నోళ్ళు, వేడికి వాచిపోయి పైకి లేస్తాయి. తర్వాత కొన్ని చోట్ల నల్లబడుతుంది, కొన్ని చోట్ల ఎర్రగా పలచబడుతుంది. ఎర్రగా పలచబడిన చోటు చూస్తే నాకు టెన్షన్ మొదలవుతుంది. పుండు పడి, కారం తగిలితే మండి, నెలలు గడిచినా మానకపోతే అది చాలాసార్లు కాన్సరే.

ఈ సంగతిని ఖనోల్కర్, సూర్యాబాయి అనే ఇద్దరు పరిశోధకులు 1945లోనే రాశారు. 1957లో ఆంధ్ర వైద్యులు కోస్తా ఆంధ్రలోని అంగిలి కాన్సర్ల మీద మరో వ్యాసం వేశారు. అయితే ఆసుపత్రికి వచ్చిన రోగులని చూసి రాయడం వేరు, ఊరికి వెళ్ళి ఆరోగ్యంగా ఉన్నవాళ్ళని కూడా చూసి రాయడం వేరు. ఆసుపత్రిలో జబ్బు ముదిరినవాళ్ళే కనిపిస్తారు. జబ్బు ఎలా మొదలైందో, ఎంతమందిలో మొదలై ఆగిపోయిందో ఊళ్ళోనే తెలుస్తుంది. డెన్మార్క్ నుంచి పిండ్‌బోర్గ్, బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్ నుంచి ఫాలి మెహతా, ప్రకాశ్ గుప్తా వంటివాళ్ళు శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో ఇంటింటికీ తిరిగారు. 1971లో వాళ్ళ వ్యాసం అచ్చయింది. అందులో 10,169 మంది గ్రామస్థుల నోళ్ళు చూసిన వివరాలున్నాయి.

ఆ సంఖ్య దగ్గర కాసేపు ఆగాలి. చదువు రాని ఆడవాళ్ళు, ముక్కూ మొహం తెలియని డాక్టర్ల ముందు, వాకిట్లో నిలబడి నోరు తెరిచారు. వాళ్ళకి అప్పుడు ఏ లాభమూ లేదు. మందు లేదు, డబ్బు లేదు. అయినా చూపించారు. వాళ్ళు చూపించబట్టే అంగిలిలో ఏ మచ్చ మామూలుది, ఏ మచ్చ ప్రమాదకరమైనది అన్నది ఈ రోజు ఏ దేశంలో దంతవైద్యం చదివే విద్యార్థికైనా తెలుస్తోంది. అడ్డపొగ అలవాటు దక్షిణ అమెరికాలో, ఫిలిప్పీన్స్‌లో కూడా ఉంది. అక్కడి డాక్టర్లు కూడా శ్రీకాకుళం పేరు ఉన్న వ్యాసమే తిరగేస్తారు.

అక్కడితో ఆగలేదు. అదే బృందం తర్వాత మూడు రాష్ట్రాల్లో 36,000కి పైగా పొగాకు వాడేవాళ్ళని ఎంచుకుంది. కేరళలో ఎర్నాకుళం, గుజరాత్‌లో భావనగర్, మన వైపు శ్రీకాకుళం. ఇంటికి వెళ్ళి మనిషితో కూర్చుని మాట్లాడి, మాన్పించడానికి ప్రయత్నించారు. ఏడాదికోసారి మళ్ళీ వెళ్ళి నోరు చూశారు. 1986లో ఫలితం వచ్చింది. మానేసినవాళ్ళలో, తగ్గించినవాళ్ళలో కాన్సర్‌కి ముందు వచ్చే మచ్చలు తగ్గాయి. అంటే ఏళ్ళ తరబడి తాగినా సరే, ఇవాళ మానేస్తే నోరు కోలుకోవడం మొదలుపెడుతుంది. "ఇంత వయసొచ్చాక మానేసి ఏటి లాభం" అనే పెద్దావిడకి నేను చెప్పే సమాధానం ఇదే. ఇది నా సొంత అభిప్రాయం కాదమ్మా, మీ పక్క ఊరివాళ్ళ నోళ్ళు చూసి చెప్పిన మాట అంటాను.

ఇప్పుడు అడ్డపొగ తగ్గింది, నిజమే. దాని చోటులోకి గుడాకు, అంటే పళ్ళకి రుద్దుకునే పొగాకు ముద్ద, వచ్చింది, ఖైనీ వచ్చింది, పాన్ మసాలా వచ్చింది. పొద్దున్నే గుడాకుతో పళ్ళు తోముకోకపోతే కడుపు కదలదనే ఆడవాళ్ళు ప్రతి వాడలోనూ ఉన్నారు. ఒడిశాలో గుట్కా 2013 జనవరి నుంచి నిషేధం. కానీ వక్కపొడి పొట్లం ఒకటి, పొగాకు పొట్లం ఒకటి విడివిడిగా కొని అరచేతిలో కలుపుకుంటున్న కుర్రాళ్ళని రోజూ చూస్తున్నాను. పొగాకు లేని వక్క అయితే పర్వాలేదు అనుకోవద్దు. వక్క ఒక్కటే నమిలినా కాన్సర్ వస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ కాన్సర్ పరిశోధనా విభాగం 2004లోనే తేల్చింది. నోరు బిగుసుకుపోయి, మూడు వేళ్ళు నిలువుగా పట్టకపోతే అది వక్క చేసిన పని. ఇంటికెళ్ళాక అద్దం ముందు ఒకసారి ప్రయత్నించి చూడండి.

ఇక గొంతు. స్వరపేటికని బతికున్న మనిషిలో చూడవచ్చని మొదట చూపించింది డాక్టరు కాదు, పాటలు నేర్పే మాస్టారు. మాన్యుయెల్ గార్సియా అనే ఆయన 1854లో పంటి డాక్టరు వాడే చిన్న అద్దం నోట్లో పెట్టుకుని, చేత్తో ఇంకో అద్దం పట్టుకుని, ఎండ వెలుగు లోపలికి పంపి తన స్వరతంత్రులు కదలడం తానే చూశారు. ఇప్పుడు ముక్కులోంచి సన్నటి కెమెరా పంపి ఐదు నిమిషాల్లో చూసేస్తున్నాం. 1873 డిసెంబర్ 31న వియన్నాలో బిల్‌రోత్ అనే సర్జన్ కాన్సర్ వచ్చిన స్వరపేటికని మొత్తంగా తీసేశారు. తర్వాత వంద ఏళ్ళకి పైగా ముదిరిన గొంతు కాన్సర్ అంటే గొంతు తీసేయడమే. ప్రాణం దక్కేది, మాట పోయేది.

అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రుల్లో జరిగిన ఒక పరిశోధన ఫలితం 1991లో వచ్చింది. 332 మంది రోగులు. సగం మందికి ఆపరేషన్ చేసి కరెంటు, అంటే రేడియేషన్, పెట్టారు. మిగతా సగానికి ముందు కీమో ఇచ్చి, తగ్గితే కరెంటు పెట్టారు. రెండేళ్ళ తర్వాత రెండు వైపులా బతికి ఉన్నవాళ్ళు సమానం, 68 శాతం. కానీ రెండో వైపున 64 శాతం మందికి గొంతు గొంతుగానే మిగిలింది. ఆ 332 మంది "మమ్మల్ని ఏ వైపు వేసినా సరే" అని సంతకం పెట్టినవాళ్ళు. కాన్సర్ ఉందని తెలిసిన మనిషి అలా సంతకం పెట్టడం ఎంత కష్టమో ఒకసారి ఆలోచించండి.

మన దేశంలోనూ ఇలాంటి సంతకాలు పెట్టినవాళ్ళున్నారు. నోటి కాన్సర్ చిన్నగా ఉన్నప్పుడు, మెడలో గడ్డ ఏమీ తగలకపోయినా మెడలోని గ్రంథులు కూడా తీసేయాలా, గడ్డ కనిపించేదాకా ఆగాలా అని సర్జన్లు దశాబ్దాలుగా వాదించుకున్నారు. తేల్చింది ముంబై టాటా మెమోరియల్. అనిల్ డిక్రూజ్ బృందం 500 మంది ఫలితాలు 2015లో బయటపెట్టింది. ముందే తీసేసినవాళ్ళలో మూడేళ్ళకి 80 శాతం బతికున్నారు. ఆగినవాళ్ళలో 67.5 శాతం. ప్రపంచమంతా ఇప్పుడు అదే పాటిస్తోంది. ఆ 500 మందీ మనలాంటివాళ్ళే, ఖైనీ నమిలినవాళ్ళు, బీడీ కాల్చినవాళ్ళు.

అదే ఆసుపత్రి నుంచి ఇంకో మంచి ఫలితం వచ్చింది. నివోలుమాబ్ అని ఇమ్యూనోథెరపీ మందు, అంటే ఒంట్లోని రోగనిరోధక శక్తినే కాన్సర్ మీదికి పంపే మందు, ఒకటుంది, పూర్తి మోతాదు ధర మధ్యతరగతి కుటుంబం కూడా మోయలేదు. టాటా డాక్టర్లు దాన్ని మూడు వారాలకోసారి 20 మిల్లీగ్రాములే ఇచ్చి చూశారు. మామూలు మోతాదులో అది పదో వంతు కూడా ఉండదు. ముదిరిపోయిన తల, మెడ కాన్సర్లలో, మామూలు మాత్రలతో ఏడాది బతికినవాళ్ళు 16.3 శాతమైతే, ఈ చిన్న మోతాదు కలిపినప్పుడు 43.4 శాతం. డబ్బున్న దేశాలు ఈ ప్రశ్న అడగవు. మనకి అవసరం కాబట్టి మనవాళ్ళు అడిగారు. గొంతు తీసేసినవాళ్ళు మాట్లాడడానికి పెట్టే చిన్న పరికరం విషయంలోనూ అంతే. విదేశీది వేలల్లో ఉంటుంది. బెంగళూరులో విశాల్ రావు అనే సర్జన్ యాభై రూపాయల్లో అయ్యేటట్టు ఒకటి తయారుచేసి దానికి ఓం అని పేరు పెట్టారు.

ఇవన్నీ ఉన్నాయి. మరి నా దగ్గరికి వచ్చేవాళ్ళు ఎలా వస్తున్నారు? గొంతు బొంగురుపోయి ఆరు నెలలయ్యాక వస్తున్నారు. ముందు మిరియాల కషాయం, తర్వాత మందుల షాపులో మాత్రలు, తర్వాత ఎవరో "ముక్క తీస్తే పాకేస్తుంది" అని భయపెట్టడం. అమ్మా, అయ్యా, ఈ మాట గట్టిగా చెబుతున్నాను. ముక్క తీసి పరీక్షకి పంపడం వల్ల గొంతు కాన్సర్ పాకదు. పరీక్ష ఆలస్యం అయితే పాకుతుంది. స్వరతంత్రి మీద చిన్నగా ఉన్నప్పుడు వస్తే పదిమందిలో దాదాపు తొమ్మిదిమందికి నయమవుతుంది, మాట కూడా మిగులుతుంది. బొంగురు మూడు వారాలు దాటితే కెమెరా పెట్టించుకోండి. మింగుతుంటే ఒకవైపే నొప్పి వచ్చి అది చెవిలోకి లాగుతున్నా అంతే.

నోరు చూడడానికి కెమెరా కూడా అక్కర్లేదు. తిరువనంతపురం దగ్గర దాదాపు 1,90,000 మందితో ఒక పరిశోధన చేశారు. డాక్టర్లు కానివాళ్ళకి శిక్షణ ఇచ్చి ఇంటింటికీ పంపి టార్చిలైటుతో నోళ్ళు చూపించారు. 2005లో ఫలితం వచ్చింది. పొగాకు, మద్యం అలవాటున్నవాళ్ళలో నోటి కాన్సర్ చావులు 34 శాతం తగ్గాయి. టార్చిలైటు, శుభ్రమైన చెయ్యి, చూపించడానికి ఒప్పుకునే మనిషి, అంతే. మన వాడల్లో ఆశా కార్యకర్తలున్నారు. వాళ్ళు వచ్చినప్పుడు "నాకేమీ లేదు పోమ్మా" అనకండి.

ఇక్కడ మనకి ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది, దాన్ని దాటవేయలేను. మనం ఒడిశాలో ఉన్న తెలుగువాళ్ళం. ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా, ఆసుపత్రి కాగితం ఒడియాలోనో ఇంగ్లీషులోనో. ఒక ఆసుపత్రిలో ఒక ముసలాయన గొంతు ఆపరేషన్‌కి ఒప్పుకుంటున్నట్టు సంతకం పెట్టాడు. మెడలో రంధ్రం పెడతారనీ, తర్వాత మాట రాదనీ ఆ కాగితంలో ఉంది. చదివి తెలుగులో చెప్పినవాళ్ళు లేరు. ఆపరేషన్ బాగా జరిగింది, ప్రాణం నిలబడింది. కానీ మెలకువ వచ్చి నోరు తెరిస్తే మాట రాలేదు. ఆయన ఏడవడానికి కూడా గొంతు లేదు. తర్వాత నా దగ్గరికి తీసుకొచ్చారు. ఆయన పలక మీద రాసిన మొదటి ప్రశ్న, "నన్నెందుకు అడగలేదు". వైద్యం సరైనదే అయినా, మనిషికి తెలిసే భాషలో చెప్పకుండా చేయడం తప్పు. సంతకం పెట్టే ముందు ఈ కాగితంలో ఏముందో తెలుగులో చెప్పండి అని అడగండి. అడిగే హక్కు మీకుంది. మీ పిల్లల్లో ఒడియా చదివినవాళ్ళని వెంట తీసుకెళ్ళండి.

ఇప్పుడు చెవి. లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకున్న ఒక భాగం ఉంది, కాక్లియా అంటాం. అందులో దాదాపు 15,000 కేశ కణాలుంటాయి. శబ్దాన్ని నరానికి అందించేది అవే. పోతే మళ్ళీ మొలవవు. కోడిపిల్లలో, పక్షుల్లో మళ్ళీ వస్తాయని 1988లో కనిపెట్టారు. మనిషిలో ఎందుకు రావో ఇంకా వెతుకుతూనే ఉన్నారు. అందుకే ఠాకురాణి యాత్ర రాత్రుల్లో డీజే పెట్టెల ముందు పిల్లల్ని భుజాన ఎత్తుకుని నిలబడేవాళ్ళని చూస్తే నాకు ప్రాణం విలవిలలాడుతుంది. యాత్రకి వెళ్ళండి, అమ్మవారి దర్శనం చేసుకోండి. పెట్టెలకి దూరంగా నిలబడండి, చంటిపిల్లల చెవులు మూయండి. చెవిలో చీము కారుతుంటే వేడి నూనె, వెల్లుల్లి రసం పోయకండి.

పుట్టు చెవుడికి వచ్చిన వైద్యం నిజంగా గొప్పది. 1957లో పారిస్‌లో జూర్నో, ఏరియే అనే ఇద్దరు వినికిడి నరాన్ని కరెంటుతో తట్టి శబ్దం కలిగించారు. అలా నరాన్ని తట్టే పరికరాన్ని, అంటే కాక్లియర్ ఇంప్లాంట్‌ని, లాస్ ఏంజిలిస్‌లో విలియం హౌస్ 1961లో మనుషుల్లో అమర్చడం మొదలుపెట్టారు. 1978లో మెల్‌బోర్న్‌లో గ్రేమ్ క్లార్క్ ఎక్కువ తీగలున్న పరికరం పెట్టారు. వియన్నాలో హోఖ్‌మైర్ దంపతులు కూడా అదే సమయంలో ఆ పని చేశారు. క్లార్క్ తండ్రి మందుల షాపు నడిపేవాడు, ఆయనకి చెవుడు. గిరాకీలు సిగ్గుపడుతూ చెప్పే మాటలు వినపడక గట్టిగా చెప్పమనేవాడట. కొడుకు అది చూస్తూ పెరిగాడు. తీగ నత్తగుల్ల మెలికల్లోకి విరగకుండా ఎలా వెళ్తుందో ఆయనకి అంతుపట్టలేదు. సముద్రపు ఒడ్డున సెలవుల్లో ఉండగా ఒక గవ్వలోకి గడ్డిపోచ దూర్చి చూశారు. కొస మెత్తగా, మొదలు గట్టిగా ఉన్న పోచ లోపలిదాకా వెళ్ళింది. తీగని అలాగే చేయించారు.

ఇది చిన్న వయసులో పెడితేనే మాట బాగా వస్తుంది. మెదడు భాష నేర్చుకునే కాలం దాటిపోతే శబ్దం వినిపిస్తుంది గానీ మాట అర్థం కావడం కష్టం. అందుకే పుట్టిన నెలలోపు పరీక్ష, మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు వైద్యం మొదలు కావాలంటారు. చంటిపిల్లకి వినిపిస్తోందో లేదో ఎలా తెలుస్తుందని అడుగుతారు. ఆరోగ్యంగా ఉన్న చెవి తనే ఒక సన్నటి శబ్దం చేస్తుంది. 1978లో లండన్‌లో డేవిడ్ కెంప్ దాన్ని పట్టుకున్నారు. చెవిలో చిన్న మొన పెడితే మిషన్ ఆ శబ్దాన్ని వింటుంది. పిల్ల నిద్రపోతుండగానే అయిపోతుంది. "మా మావయ్యకి కూడా మాట లేటుగానే వచ్చింది, ఇదీ అలాగే" అని మూడేళ్ళు ఆగిన కుటుంబాలు నాకు తెలుసు. ఆ మూడేళ్ళు తిరిగి ఇవ్వడం ఎవరివల్లా కాదు. డబ్బు గురించి భయపడకండి. అర్హత ఉన్న చిన్నపిల్లలకి కేంద్ర ప్రభుత్వ అడిప్ పథకం కింద ఈ పరికరం ఉచితంగా పెడతారు.

పరికరం పెట్టాక అసలు పని మొదలవుతుంది. పిల్లతో రోజూ మాట్లాడాలి. ఏ భాషలో? ఇది బరంపురంలో ప్రతి తెలుగు తల్లీ అడిగే ప్రశ్న. స్పీచ్ థెరపీ ఒడియాలో, బడి ఒడియాలో. రెండు భాషలైతే పిల్ల తికమకపడుతుందని ఎవరో చెబుతారు. తల్లి తనకి వచ్చీరాని ఒడియాలో నాలుగు ముక్కలు మాట్లాడి ఊరుకుంటుంది. అది పిల్లకి నష్టం. పరికరం పెట్టించుకున్న పిల్లలు రెండు భాషలు నేర్చుకోగలరని చాలా దేశాల్లో చూశారు. తల్లికి ధారాళంగా వచ్చిన భాషలో, పాటలతో, కథలతో, కోపంతో, ముద్దుతో మాట్లాడాలి. మీ తెలుగులోనే మాట్లాడండి. ఒడియా బడిలో వస్తుంది.

మేనరికం గురించి కూడా చెప్పాలి, కొంతమందికి నచ్చకపోవచ్చు. పుట్టు చెవుడు కలిగించే జన్యుమార్పులు చాలావరకు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తేనే బయటపడతాయి. ఒక్కటే ఉన్నవాళ్ళకి వినికిడి మామూలుగానే ఉంటుంది, తమలో ఉన్నట్టు వాళ్ళకే తెలియదు. మేనమామని, మేనబావని చేసుకుంటే ఇద్దరిలోనూ తాతగారి నుంచి వచ్చిన ఒకే మార్పు ఉండే అవకాశం పెరుగుతుంది. ఇద్దరిలో ఉంటే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం. ఆస్తి బయటికి పోకూడదని, పిల్ల కళ్ళముందే ఉంటుందని చేసుకుంటారు, ఆ ప్రేమ నాకు తెలుసు. ఇంట్లో ఇప్పటికే చెవిటి పిల్ల ఉంటే మాత్రం ఇంకో మేనరికం వద్దు. ముందు జన్యు సలహా తీసుకోండి. 2024 జనవరిలో ఒక వ్యాసం అచ్చయింది. షాంఘై డాక్టర్లు ఒటోఫెర్లిన్ అనే ఒక్క జన్యువు లోపంతో పుట్టిన ఆరుగురు పిల్లలకి చెవిలో మంచి జన్యువు ఎక్కించారు, ఐదుగురికి వినికిడి వచ్చింది. ఆ వార్త చదివి చాలామంది నాకు ఫోన్ చేశారు. ఆ వైద్యం ఆ ఒక్క జన్యువుకే. మన దేశంలో ఎక్కువగా కనిపించే కనెక్సిన్ అనే ఇంకో జన్యువు లోపానికి కాదు. ఆశ పెట్టుకోండి, కానీ దానికోసం పరికరం వాయిదా వేయకండి.

ఇప్పుడు గొంతు నుంచి గుండెకి. చిన్నపిల్లలకి స్ట్రెప్టోకాకస్ అనే సూక్ష్మజీవి వల్ల గొంతు నొప్పి వస్తుంది. సరిగ్గా వైద్యం చేయకపోతే కొంతమందిలో రెండు మూడు వారాలకి కీళ్ళ నొప్పులు, జ్వరం వస్తాయి. కీళ్ళ నొప్పి వచ్చి పోతుంది, గుండె కవాటాలకి తగిలిన దెబ్బ ఉండిపోతుంది. ఇరుకు ఇళ్ళలో, ఎక్కువమంది ఒకే గదిలో పడుకునే చోట ఈ జబ్బు ఎక్కువ. ఉగాండాలో 818 మంది పిల్లల మీద చేసిన పరిశోధన 2022లో వచ్చింది. గుండెలో కొద్దిపాటి మార్పు మొదలైన పిల్లలు వాళ్ళు. నెలకోసారి పెన్సిలిన్ ఇంజెక్షన్ వేస్తే రెండేళ్ళలో జబ్బు ముదిరింది 0.8 శాతం మందిలో. వేయనివాళ్ళలో 8.2 శాతం. ఇంజెక్షన్ నొప్పి పుడుతుంది, పిల్ల ఏడుస్తుంది, తల్లి ఒక నెల మానేస్తుంది. మానేయకండి.

కవాటం పాడై, గుండె కండరం అలిసిపోయి, మందులకి లొంగనప్పుడు చివరి దారి గుండె మార్పిడి. 1967 డిసెంబర్ 3న కేప్‌టౌన్‌లో బర్నార్డ్ మొదటిసారి చేశారు. గుండె తీసుకున్నది వాష్‌కాన్‌స్కీ, 18 రోజులు బతికాడు. గుండె ఇచ్చింది డెనిస్ డార్వల్ అనే 25 ఏళ్ళ అమ్మాయి. కారు గుద్దింది, తల్లి అక్కడికక్కడే పోయింది. తండ్రిని అడిగితే నాలుగు నిమిషాలు ఆలోచించి సరే అన్నాడు. భార్య పోయి, కూతురు పోతున్న రోజున. మూడు నెలలు తిరక్కుండానే, 1968 ఫిబ్రవరి 16న బొంబాయి కేఈఎం ఆసుపత్రిలో పి.కె. సేన్ మన దేశంలో మొదటిది చేశారు. రోగి కొన్ని గంటలే బతికాడు. శరీరం పరాయి గుండెని తోసేస్తుంది, అప్పటికి దాన్ని ఆపే మంచి మందు లేదు. నార్వే మట్టిలో దొరికిన ఒక బూజు నుంచి సైక్లోస్పోరిన్ వచ్చాక, 1980ల్లో పరిస్థితి మారింది. 1994 జులైలో మన దేశంలో అవయవ మార్పిడి చట్టం వచ్చింది. అదే ఏడాది ఆగస్టు 3న ఢిల్లీ ఎయిమ్స్‌లో వేణుగోపాల్ గారు విజయవంతంగా గుండె మార్చారు. ఆయన మన రాజమండ్రిలో పుట్టినవారు. ఇప్పుడు ఆగస్టు 3ని అవయవదాన దినంగా జరుపుతున్నారు.

తీసిన గుండె దాదాపు నాలుగు గంటల్లో ఇంకో ఛాతీలో కొట్టుకోవాలి. డాక్టర్లున్నారు, మందులున్నాయి, విమానాలున్నాయి. ఇచ్చేవాళ్ళు తక్కువ. ఒడిశా ప్రభుత్వం అవయవదాతల కుటుంబాలకి ఇచ్చే సూరజ్ పురస్కారం పేరు మీరు వినే ఉంటారు. ఆ సూరజ్ మన గంజాం జిల్లా కుర్రాడే. గుజరాత్‌లో రోడ్డు ప్రమాదంలో బ్రెయిన్ డెడ్ అయితే ఇంటివాళ్ళు గుండెతో సహా అవయవాలు ఇచ్చారు. మన ఇళ్ళలోంచి ఎంతమంది సూరత్ మగ్గాల మీద పనికి వెళ్తారో మీకు తెలుసు. ఆ కుటుంబం ఎలాంటి కుటుంబమో ఊహించుకోవడానికి మనకి కష్టం ఉండదు.

ప్రశ్నలుంటే అడగండి.

(ఒక పెద్దాయన: "మా అన్నయ్యకి ఎనభై ఏళ్ళు. చెవి మిషన్ పెట్టుకోడు, ఈ వయసులో ఎందుకంటాడు.")

పెట్టించండి బాబూ. వినపడని మనిషి మెల్లగా మాటలు తగ్గించుకుంటాడు, పెళ్ళిళ్ళకి వెళ్ళడం మానేస్తాడు, ఒంటరి అవుతాడు. మతిమరుపు జబ్బుకి మనం తగ్గించగలిగే కారణాల్లో వినికిడి లోపం ఒకటని ఇప్పుడు గట్టిగా చెబుతున్నారు. అమెరికాలో 2023లో వచ్చిన ఒక పరిశోధనలో, గుండె జబ్బు, షుగరు లాంటి ముప్పు ఎక్కువ ఉన్న ముసలివాళ్ళకి మిషన్ ఇస్తే మూడేళ్ళలో జ్ఞాపకశక్తి తగ్గే వేగం దాదాపు సగానికి పడిపోయింది. మొదటి నెల చిరాకుగా ఉంటుంది, గిన్నెల చప్పుడు కూడా పెద్దగా వినిపిస్తుంది. రోజుకి గంటతో మొదలుపెట్టి పెంచమనండి. పెట్టెలో పెట్టి దాచేస్తే లాభం లేదు.

(ఒకావిడ: "బ్రెయిన్ డెడ్ అంటే గుండె కొట్టుకుంటూనే ఉంటది గదమ్మా. ఊపిరి ఉన్న మనిషిని కోసేస్తారా? తర్వాత మనకి ఇస్తారా?")

మంచి ప్రశ్న అడిగారమ్మా, ఇది అందరి మనసులోనూ ఉంది. ఆ ఊపిరి మిషన్‌ది. మెదడు పూర్తిగా, తిరిగి రాకుండా ఆగిపోయాక మిషన్ తీస్తే ఊపిరి ఉండదు, కాసేపటికి గుండె కూడా ఆగిపోతుంది. కోమా వేరు. కోమాలో ఉన్నవాళ్ళు లేచే అవకాశం ఉంటుంది, వాళ్ళ నుంచి అవయవాలు తీసుకోరు. చట్టం ప్రకారం నలుగురు డాక్టర్లు పరీక్ష చేయాలి, కనీసం ఆరు గంటలు ఆగి మళ్ళీ అదే పరీక్ష చేయాలి. అవయవాలు మార్చే డాక్టర్లు ఆ నలుగురిలో ఉండకూడదు. రెండుసార్లూ అదే తేలితేనే మిమ్మల్ని అడుగుతారు. మీరు వద్దంటే ఎవరూ బలవంతం చేయకూడదు. చనిపోయిన మనిషి ముందే కార్డు మీద సంతకం పెట్టి ఉన్నా మన దేశంలో ఇంటివాళ్ళ ఒప్పుకోలు అడుగుతారు, అందుకే మీకేం కావాలో ఇంట్లో ముందే చెప్పి ఉంచండి. సరే అంటే ఆపరేషన్ థియేటర్‌లోనే, మామూలు ఆపరేషన్ చేసినట్టే తీసి, కుట్లు వేసి, శుభ్రం చేసి శరీరం మీకు ఇస్తారు. మొహం మారదు. దానికి మీ దగ్గర డబ్బు తీసుకోకూడదు. రోడ్డు ప్రమాదమైతే పోలీసు కాగితాలు, పోస్ట్‌మార్టం ఉంటాయి కాబట్టి కొన్ని గంటలు ఆలస్యం కావచ్చు. ఆ తర్వాత స్నానం, దహనం, పదో రోజు, అన్నీ మీ పద్ధతిలో మీరు చేసుకోవచ్చు.